మే నెలలో హీటరు

రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న రోజుల్లో సిద్దేశ్ చేపల తొట్టికి హీటరు కొన్నాడు. బళ్లారిలో చేపల అంగడి చక్రధర్ ఆ డబ్బా చేతికివ్వకుండా పైకి పట్టుకుని, "మే నెలప్పా ఇది. నువ్వు కంప్లి నుంచి వచ్చినావా, కాశ్మీరు నుంచా?" అన్నాడు. సిద్దేశ్ నవ్వలేదు. నవ్వే సంగతైతే చెప్పుకునేవాడే.

తొట్టి తమ్ముడు గురురాజ్‌ది. గురురాజ్ పోయి నెల దాటింది. సండూరు గనుల దారిలో ఖనిజం లోడుతో లారీ ఆగిపోతే, మెకానిక్ వచ్చేదాకా బండి దిగొద్దని ఫోనులో చెప్పింది సిద్దేశే. లారీలు అన్నదమ్ములిద్దరివీ అయినా పెత్తనం పెద్దవాడిది. మధ్యాహ్నం ఎండకు క్యాబిన్ రేకు పెనంలా కాలింది. మెకానిక్ చేరేసరికి గురురాజ్ స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. వడదెబ్బ అన్నారు. ఆ ఫోను మాట మాత్రం సిద్దేశ్ ఇంట్లో ఎత్తలేదు.

చుట్టాలు రావాలని ఒక పగలూ ఒక రాత్రీ శవాన్ని అద్దెకు తెచ్చిన ఐస్ పెట్టెలో ఉంచారు. మూత తీసినప్పుడు సిద్దేశ్ తమ్ముడి పాదం పట్టుకున్నాడు. ఆ చలి అతని వేళ్లను వదల్లేదు. అన్నం కలుపుకునేటప్పుడు కూడా తగులుతూనే ఉంది.

ఒక సాయంత్రం మేత వేయబోయి నీళ్లలో వేళ్లు పెడితే, అదే చలి. ఇల్లంతా కుంపటిలా ఉంటే తొట్టి ఒక్కటీ చల్లగా ఉంది. అద్దానికి అంటించిన థర్మామీటరు ఇరవై రెండు చూపిస్తోంది. ఆ చేపలకు ఇరవై ఎనిమిది కావాలని గురురాజ్ గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాడు. అందుకే హీటరు. దాన్ని ఫిల్టరు వెనక దాచి రాత్రంతా వెలిగిస్తే పొద్దునకు నీళ్లు ముప్ఫైకి వచ్చేవి. సాయంత్రం లారీ ఆఫీసు నుంచి వచ్చి చూస్తే మళ్లీ ఇరవై రెండు. తమ్ముడు ఇంకా ఆ పెట్టెలోనే ఉన్నాడని, వణుకుతున్నాడని సిద్దేశ్‌కు అనిపించేది. పైకి అంటే జనం తననే ఆస్పత్రికి తీసుకుపోతారు.

తొమ్మిది రోజుల్లో అయిదు ఏంజెల్ చేపలు ఒకదాని వెనక ఒకటి తేలాయి. మిగిలింది ఒక్కటే, నల్ల చారలది. అది కూడా పోతే గురురాజ్‌ను రెండోసారి తనే చంపినట్టని అతను తీర్మానించుకున్నాడు.

పదో రోజు చక్రధర్‌కు ఫోను చేసి రెండు పూటల లెక్కా చెప్పాడు.

"వేడికి చావవప్పా, చలికీ అంత సులువుగా చావవు," అన్నాడు చక్రధర్. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అయితే చస్తాయి. నిన్ను పొద్దున పొయ్యి మీద కూచోబెట్టి, మాపుకు ఫ్రిజ్‌లో పెడితే ఎన్ని దినాలుంటావు? మీ ఇంట్లో నీళ్లను ఎవరో ఆడిస్తాండారు. పగటిపూట పోయి చూడు."

మధ్యాహ్నం రెండున్నరకు సిద్దేశ్ చప్పుడు చేయకుండా ఇంట్లోకి వచ్చాడు. తమ్ముడి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల అమ్మ దేవక్క, గడ్డకట్టిన నీళ్ల సీసాలను చంటిబిడ్డను నీళ్లలో దించినట్టు ఒక్కొక్కటే తొట్టిలోకి దించుతోంది. అప్పటికి రెండు దించింది.

"అమ్మా! ఏం చేస్తాండావు?"

ఆమె ఉలిక్కిపడలేదు. "కండ్లు లేవా? చల్లబెడతాండా. దినామూ చల్లబెడితే పొద్దునకు మళ్లీ కాగి ఉంటాయి. వానికి ఇంకా ఎండ కొడతానే ఉండాది. ఆ బండిలో ఎట్ల ఉడికిపోయినాడో నా బిడ్డ."

"వేడిగా లేడమ్మా. చలికి బిగుసుకుపోయినాడు."

"సుమ్నే ఉండు, మాట్లాడొద్దు. వాడు పోయింది ఎండకు."

"నేను ముట్టుకున్నా గదా!"

"నేను కన్నా గదా!"

తొట్టిలో చేప పక్కకు ఒరిగింది. సిద్దేశ్ ఫిల్టరు వెనక నుంచి హీటరు గాజు గొట్టం బయటికి లాగి చూపించాడు.

"గాలి పంపు అనుకుంటి," అంది దేవక్క. "అయితే నువ్వేనా కాచింది?"

"నువ్వేనా చల్లార్చింది?"

ఇద్దరికీ నవ్వు రావాల్సిన చోటు అది. రాలేదు. వేడీ చలీ తమ చేతులవేనని, గురురాజ్ రానే లేదని ఇద్దరికీ తేలిపోయింది. దేవక్క గోడకు ఆనుకుని కూలబడింది.

"బండి దిగొద్దని నేనే చెప్పినా," అన్నాడు సిద్దేశ్.

"ఎరుకే. వాని ఫోనులో ఆఖరు పేరు నీదే ఉండె. నీ నోటితో చెప్తావని చూస్తాంటి."

"తిట్టు."

"సాకు, ఇంక చాలు. ముందు దీన్ని బతికిద్దాం, రా."

నారుమడికి వడ్లు మొలకెత్తించేటప్పుడు గోనెసంచిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి వేడి చూసిన మనిషి ఆమె. నీళ్లలో అరచెయ్యి పెట్టి, ఒక సీసా ఉంచి, ఒకటి తీయించింది. ఆమె చెప్పినట్టే సిద్దేశ్ గోనెపట్ట తడిపి తొట్టికి చుట్టాడు. ముందు వైపు వదిలేశాడు. ఫ్యాను నీళ్ల మీదికి తిప్పాడు. ఆమె చెయ్యి చెబుతోంది, అతను థర్మామీటరు చదువుతున్నాడు. ఇరవై ఎనిమిది. గంట తర్వాత ఇరవై ఎనిమిది. ఇంకో గంటకూ అంతే. నెల రోజుల తర్వాత తల్లీకొడుకులు ఒకే గదిలో అంతసేపు ఉన్నారు.

అయిదింటికి చేప నిలువుగా నిలబడింది. రెక్క విప్పింది.

"బతికెరా," అంది దేవక్క గుసగుసగా.

అప్పుడది తలుపు వైపు అద్దం దగ్గరికి వెళ్లింది. అక్కడ కాసేపు ఆగి, మెల్లగా, మనిషి నడక వేగాన, అద్దం వెంబడే మంచం వైపుకు కదిలింది. సిద్దేశ్ తలుపు కేసి చూశాడు. ఎవరూ లేరు. మేత డబ్బా కోసం మంచం దాకా నడిచే గురురాజ్ వెంట తప్ప ఆ చేప ఎవరి వెంటా అలా వెళ్లింది లేదు. అన్న పిలిచినా, అమ్మ గాజులు గలగలలాడించినా అది కదిలేది కాదు.

దేవక్క కూడా చూస్తోంది. నేల మీద కూచుని మంచం దారికి అడ్డంగా చాచుకున్న కాళ్లను మెల్లగా ముడుచుకుంది.