తప్పు పూస

"ఆ పూసలు తీసెయ్యవే, ప్లేటు పెట్టుకోవాలి" అన్నాడు నాన్న. అమ్మ తీసేలోపే పూసల పళ్లేన్ని మోచేత్తో నెట్టేశాడు. ఆవగింజ కన్నా చిన్న పూసలు నేలంతా దొర్లాయి. అమ్మా నేనూ వేలు తడి చేసుకుని ఒక్కొక్కటే ఏరుతుంటే, ఆయన రేడియోలో హాకీ వింటూ దుప్పి మాంసం తిన్నాడు. కాలు కూడా పక్కకు జరపలేదు.

మొన్న వేసవిలో, మా తెగ డోలు పండుగనాడు, నాన్న తన చేతుల్లేని కోటు విప్పి పట్నం నుంచి వచ్చిన అధికారి భుజాన వేశాడు. అమ్మ రెండు చలికాలాలు కూర్చుని పూసలతో అడవి గులాబీలు, ఓక్ ఆకులు కుట్టిన కోటు అది. ఒంటి మీది వస్తువు ఇవ్వడం మా వాళ్లకు గొప్పే, కాదనను. మైకులో నాన్న పేరెత్తి "వెండెల్ మనసు ఎంత పెద్దది!" అన్నారు. వంట గుడారంలో రొట్టెలు వేయిస్తున్న అమ్మకు కోటు పోయిందని ఆ చప్పట్లతోనే తెలిసింది.

ఇంటికొచ్చాక, "ఈ చలికాలం ఇంకోటి కుట్టెయ్. ఆ నల్ల మఖమల్ ఉందిగా" అన్నాడు. ఆ గుడ్డ అమ్మ తనకోసం దాచుకున్నది. ఊళ్లో సగం మందికి పూలు కుట్టిన అమ్మకు, డోలు మోగినప్పుడు ఆడటానికి ఒక్క పువ్వున్న బట్ట లేదు. ఆ మాట నేనంటే ఐరిస్ అత్త పకపకా నవ్వింది. "మీ అమ్మకెందుకే పూలు? పెనం చుట్టూ ఆడుతుందా?" అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. నోరు మాత్రం పెగల్లేదు. నాకెప్పుడూ అంతే.

ప్రతి కుట్టుపనిలోనూ అమ్మ కావాలనే ఒక పూస తప్పు రంగుది వేస్తుంది. పచ్చటి ఆకులో ఒక్క ఎర్ర పూస. మనిషిలో లోపం ఉంటుందని మరిచిపోకూడదట, వినయం ఉండాలట. నానమ్మ నేర్పింది. కానీ ఆ వినయాన్ని కుట్టేది అమ్మ, తొడుక్కునేది నాన్న. మధ్యలో అస్తరు అడ్డం కాబోలు, ఆయన ఒంటికి ఎప్పుడూ తగల్లేదు.

ఇవాళ నాన్న తినేసి వెళ్లాక, ఆయన కొలతలు సుద్దతో గీసిన మఖమల్ బల్ల మీద పరిచి అమ్మ నాకు కత్తెర ఇచ్చింది. "గీత మీదే కొయ్యమ్మా. గిన్నెలు తోమి వస్తా."

తలుపు వెనక వేలాడుతున్న అమ్మ పాత జాకెట్టు తెచ్చి గుడ్డ మీద పెట్టాను. నాన్న భుజాల గీతకు నాలుగు వేళ్లు లోపలికి కోశాను. చివరిదాకా ఆపలేదు.

అమ్మ తడి చేతులతో వచ్చి చూసింది. "ఎంత పని చేశావే! ఇది ఇంక మీ నాన్నకు పట్టదు."

"పట్టదు" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

అమ్మ చేతులు తుడుచుకుని, ఆ గుడ్డను గుండెలకు ఆనించుకుని చూసుకుంది. "చంక దగ్గర ఇంకాస్త వదలాల్సింది. నేనేం సన్నం కాదు."

పూలు నేనే కుడతాను. తప్పు పూస మాత్రం వెయ్యను. అమ్మ నేర్చుకోవలసిన వినయం ఇంకేమీ మిగల్లేదు.