తండ్రి అనుమతి

వారం రోజులుగా కూతురు బడికి ఎందుకు పోవడం లేదో దేవ్లాకు పక్కింటావిడ ఫోన్ చూపిస్తే గానీ తెలియలేదు. అతను ఖానాపురం హవేలిలో షేర్ ఆటో నడుపుతాడు. కూతురు కళ్యాణి తొమ్మిదో తరగతి. బడి వార్షికోత్సవం కోసం ఇంట్లో సాధన చేస్తూ తీసి యాప్‌లో పెట్టుకున్న డాన్స్ వీడియోకు ఎవరో బూతుపాట అతికించి, కింద ఆమె పేరు, బడి పేరు రాశారు. నలభై వేల మంది చూశారు.

భార్య రూప్లిని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. కానిస్టేబుల్ ఉషారాణి ఓపికగా విని ఫిర్యాదు రాసుకుంది.

“పిల్లల కోసం చట్టం వచ్చిందంట గద మేడం?”

“అవ్ అన్నా. పద్దెనిమిదేండ్లు నిండనోళ్లు యాప్‌ల ఖాతా తెరవాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలె.” ఆమె కంప్యూటర్ తెర వైపు చూసి ఆగింది. “కళ్యాణి ఖాతాకు ఒప్పుకున్నది నీ నంబర్‌తోనే ఉంది.”

“నేనెప్పుడు ఒప్పుకున్న?”

అడుగుతుండగానే గుర్తొచ్చింది. ఆ మధ్య బస్టాండు దగ్గర జనం ఆటో ఎక్కుతుంటే కళ్యాణి ఫోన్ చేసింది. “బాపూ, నీకు ఓటీపీ వచ్చింది, జల్దీ చెప్పు.” బడి పనేమో అనుకుని ఆరంకెలూ చదివేశాడు.

రూప్లి అతని వైపు చూసింది.

పది రోజులకు ఆ వీడియో తీసేశారు. అప్పటికే వేరే పేర్లతో దాని కాపీలు ఏడు తిరుగుతున్నాయి. ఒక్కోదానికీ మళ్లీ ఫిర్యాదు చేశాడు. “యాప్ కంపెనోళ్లకు పంపిన అన్నా, జవాబు రాలే,” అనేది ఉషారాణి ప్రతిసారీ.

“నన్ను ఫోన్లు పనిచెయ్యని కాడికి తోలు బాపూ,” అంది కళ్యాణి.

భద్రాచలం దాటాక అడవిలో ఒక తండా ఉంది. దేవ్లా అన్న లాల్‌సింగ్ అక్కడే ఉంటాడు; ఫోన్ సిగ్నల్ అక్కడికి అందదని దేవ్లా అనుకున్నాడు. తండ్రీకూతుళ్లు బస్సు దిగేసరికి లాల్‌సింగ్ కూతురు, పదేళ్ల మోతీ పరుగున వచ్చి సంచీ అందుకుంది.

“అక్కా! మాకు సెల్ టవర్ వచ్చింది. ఫోన్ల నిన్ను చూసిన. మా బడోళ్లందరు చూసిండ్రు!”

ఆ పిల్ల సంతోషంగానే చెప్పింది. కళ్యాణి రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

“పా బిడ్డా, పోదాం,” అన్నాడు దేవ్లా, వంగి చెయ్యి పట్టుకుని.

“ఏడికి బాపూ?”

అతను మోతీ చేతిలోని సంచీ తీసుకుని భుజాన వేసుకున్నాడు. ఆ ఏడాది కళ్యాణి పరీక్షలు రాయలేదు. తర్వాత మళ్లీ బడికి పోలేదు.