ఇది నిజమా, ఇందాకటిది నిజమా

గాలి లేదు.

కిటికీ అవతల చెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు. బడి హాలులో ఫ్యాను తిరుగుతోంది... చప్పుడే తప్ప గాలి ఎవరికీ తగలడం లేదు. ఆడపిల్లల చెమట, సుద్దపొడి, సరిగా ఆరని తడిగుడ్డ వాసన. అన్నీ కలిసి గోడల దగ్గర ఆగిపోయాయి.

ఆ ఉక్కలో నాటకాల మేడమ్ చెప్పులు విప్పి నేల మీద కూర్చుంది.

ఆమె ఈ బడి మనిషి కాదు. బడిబడికీ తిరిగి పిల్లల చేత నాటకాలు వేయిస్తుంది. ఈసారి తెచ్చిన విషయం, నాలుగు గోడల మధ్య ప్రేమ పేరుతో జరిగే హింస. ఆ మాట బడి పెద్ద మేడమ్ గొంతుకు అడ్డం పడింది. బోర్డు మీద ‘కుటుంబ విలువలు’ అని రాయించింది. నాటకాల మేడమ్ చూసి నవ్వి ఊరుకుంది.

ఆమె పద్ధతి వేరు. రాసిన నాటకం ఉండదు. ఒక మొగుడు, ఒక పెళ్ళాం, ఒక గది. అంతే. మాటలు పిల్లలే పుట్టించుకోవాలి. చూసేవాళ్ళలో ఎవరికి అన్యాయం అనిపించినా లేచి ‘ఆపు’ అనాలి. అన్నవాళ్ళు వేదిక ఎక్కి, పెళ్ళాం నిలబడ్డ చోట తాము నిలబడి, తామైతే ఏం చేస్తారో చేసి చూపించాలి.

పిల్లలకు తెగ నచ్చేసింది. ముఖ్యంగా మొగుడి వేషం.

ఒకరి తర్వాత ఒకరు బొగ్గుతో మీసం దిద్దుకున్నారు. తూలారు. నోటికొచ్చిన తిట్లలో సగం మింగి, సగం తిట్టారు. బకెట్టు తన్ని కాలి వేలు పట్టుకుని గెంతిన పిల్లను చూసి హాలంతా పగలబడి నవ్వింది. పెళ్ళాం వేషం మైకుది. నోరు మూస్తే ఊపిరాడని పిల్ల, అందుకే ఆ పేరు. ఏ మొగుడొచ్చినా మైకు నాలుగు దులిపి పంపించేసింది.

చివరికి పిల్లి వంతు వచ్చింది.

పిల్లి అంటే వెనక వరసలో కూర్చునే పిల్ల. నడిస్తే అడుగుల చప్పుడు వినిపించదు. తలుపు మూస్తే గొళ్ళెం చప్పుడు వినిపించదు. ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. బడిలో అందరికీ అదొక తమాషా. ఆ నడక ఆమె ఎక్కడ నేర్చుకుందో ఎవరూ అడగలేదు.

ఆమె మీసం పెట్టుకోలేదు. తూలలేదు. కుర్చీ లాక్కుని, చప్పుడు కాకుండా లాక్కుని, కూర్చుంది.

“వచ్చావా?” అంది మెల్లగా. “ఎవరు కనిపించారు దారిలో?”

“ఎవరూ కనిపించలేదు! కనిపిస్తే ఏంటట?” అంది మైకు, నడుం మీద చేతులేసుకుని.

“ఏం లేదులే. ఊరికే అడిగా.”

పిల్లి లేచింది. దగ్గరికి వచ్చింది. మైకు గడ్డం కింద ఒక వేలు పెట్టి ముఖం పైకెత్తింది. ఎంత మెత్తగా ఎత్తిందంటే, ముద్దు చేస్తోందనుకున్నారు అందరూ.

“ఇటు చూడు. ఎవరూ లేరన్నావు. ఇందాక ఫోనులో పక్కింటావిడ కలిసిందన్నావు. ఇది నిజమా... ఇందాకటిది నిజమా?”

మైకు నోరు తెరిచింది. నడుం మీది చేతులు కిందికి దిగాయి.

“తొందరేం లేదు. ఆలోచించుకునే చెప్పు. ఇది నిజమా... ఇందాకటిది నిజమా?”

హాలులో నవ్వు ఆగిపోయింది. లేచి ‘ఆపు’ అనాలని ఎవరికీ తోచలేదు. మైకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో ఆ పిల్లకే తెలియదు.

“నాదే పొరపాటు...” అంది చివరికి. నాటకమంతటిలో మైకు సొంతంగా పుట్టించని మాట అదొక్కటే. ఆ గొంతు వినేసరికి దానంతటదే వచ్చేసింది.

నాటకాల మేడమ్ పిల్లిని దగ్గరికి తీసుకుంది. ఇన్ని బడుల్లో ఇలాంటిది చూడలేదంది. ఎక్కడ నేర్చుకున్నావే ఇది, అని అడిగింది.

“టీవీలో చూశా మేడమ్.”

మేడమ్ నమ్మింది. మంచి మనిషి. మంచి మనుషుల మీద నాకున్న కోపం ఇదే — ఒక్క ప్రశ్న అడుగుతారు, జవాబు రాగానే తృప్తిగా తల ఊపుతారు.

*

పిల్లి వాళ్ళ నాన్నది కళ్ళజోళ్ళ దుకాణం.

ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి ఆయన పెట్టిన జోళ్ళే. వచ్చినవాళ్ళను ఎత్తు కుర్చీలో కూర్చోబెడతాడు. ఒక అద్దం పెడతాడు, తీస్తాడు, ఇంకోటి పెడతాడు. “ఇది బాగుందా... ఇందాకటిది బాగుందా? తొందరేం లేదండీ, చూసుకునే చెప్పండి.” ముసలమ్మల గడ్డం కింద వేలు పెట్టి, ముఖం పైకెత్తి, జోడు వంకర లేకుండా సరిచేస్తాడు. దేవుడులాంటి మనిషి అంటారు. విసుక్కోవడం తెలియని మనిషి అంటారు.

నిజమే. ఆయన విసుక్కోడు. ఆయనకు తొందర లేదు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటాడు. జోడు తుడుచుకుంటాడు. అమ్మను పిలుస్తాడు. కూరగాయలకు వెళ్తే ఎంతసేపు పట్టింది. ఫోను ఎందుకు తలకిందులుగా పెట్టావు. ఇవాళ ఈ చీరెందుకు. ఒక్కో అద్దం పెడతాడు, తీస్తాడు. ఇది నిజమా, ఇందాకటిది నిజమా... అడగ్గా అడగ్గా అమ్మకు ఏది నిజమో తెలియకుండా పోతుంది. “నాదే పొరపాటండీ” అంటుంది. అప్పుడు వదులుతాడు.

ఒక్కోసారి వదలడు.

ఒక్కోసారి ఆ వేలు గడ్డం దగ్గర ఆగదు. కిందికి జారుతుంది. ఒక వేలు కాస్తా చెయ్యవుతుంది. అప్పుడు ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. అరుపుల్లేవు, పగిలే గిన్నెల్లేవు. పిల్లి గదిలో చెవులు రిక్కించి కూర్చుంటుంది. అమ్మ దగ్గు వినిపిస్తే... హమ్మయ్య, అనుకుంటుంది. మర్నాడు అమ్మ మెడ చుట్టూ కొంగు కప్పుకుని అన్నం వడ్డిస్తుంది.

అమ్మ ఒకే ఒక్కసారి పిన్నికి చెప్పుకుంది. పిన్ని ఆవేశంగా వచ్చి, నాన్నను నిలదీసి, కాఫీ తాగి వెళ్ళింది. ఆ వారమంతా అమ్మ మెతుకు మింగలేకపోయింది. పిన్ని మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇల్లు దాటిన మాటకు ఇంట్లో ఏం జరుగుతుందో పిల్లికి తెలుసు.

మరి తెలిసీ ఎందుకు చేసింది?

మైకు గడ్డం కింద వేలు పెట్టినప్పుడు ఆమెకు భయం వేయలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయం వేయలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి భయం ఉండదని అప్పుడే తెలిసింది. మళ్ళీ చేయమంటే మళ్ళీ చేసింది. రిహార్సలు రిహార్సలుకూ ఇంకా బాగా చేసింది. ఇంటికెళ్ళి అమ్మ ముఖం చూడలేక, అన్నం పళ్ళెంలో తల దూర్చి కూర్చునేది. సిగ్గుతో చచ్చిపోయేది. తెల్లారి మళ్ళీ ఆ కుర్చీ కోసం ముందుగా వచ్చేది.

ఎలాగూ బడిలోదే కదా, అనుకుంది. గోడలు దాటదు కదా...

పెద్ద మేడమ్ దాటించింది. ఇంత మంచి నాటకం తల్లిదండ్రులు చూడొద్దూ, అంది. ఇళ్ళకు కబురు పంపింది.

పిల్లి వేషం మానుకుంటానంది. కడుపునొప్పి అంది. ఇంకెవరికైనా ఇవ్వండి అంది. నాటకాల మేడమ్ వీపు తట్టింది. “మొదట అందరికీ భయమేరా. ఎక్కాక అదే పోతుంది.”

*

ఆ మధ్యాహ్నమూ గాలి లేదు.

తెర సందులోంచి పిల్లి చూసింది. మూడో వరసలో నాన్న. ఇస్త్రీ చొక్కా, చిరునవ్వు. దుకాణం మూసి మరీ వచ్చాడు. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి నమస్కారం పెడుతున్నారు. ఆయన పక్కన అమ్మ, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరూ పలకరించకూడదన్నట్టు నేలకేసి చూస్తూ.

హాలు నిండా కళ్ళజోళ్ళు.

ఆ గొంతుతో ఒక్క మాట అంటే చాలు, ఈ ముసలమ్మలందరూ గుర్తుపడతారు. ఆ వేలు లేస్తే చాలు. ఇంతమంది ఒకేసారి నాన్నకేసి తిరిగి చూస్తారు... ఆమె తెర అంచు గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో భయం ఎంతో, ఆశ ఎంతో ఆమెకే తెలియదు.

ఆ తర్వాత అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. అమ్మ కూడా ఇంటికే వెళ్తుంది.

పిల్లి బొగ్గు ముక్క తీసుకుంది. మీసం దిద్దుకుంది. బుగ్గల దాకా, వంకరగా, ఎంత లావుగా దిద్దుకుందంటే మైకు చూసి కిసుక్కుమంది.

తూలుతూ వేదిక ఎక్కింది.

అరిచింది. ఏమే, అంది. కూడేదీ, అంది. బకెట్టు తన్నింది. తిట్టింది. చెయ్యెత్తింది. మైకు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పాత మైకైపోయి నాలుగు దులిపింది. జనం ఘొల్లున నవ్వారు. తమ ఇళ్ళల్లో లేనిది చూస్తున్నవాళ్ళ నవ్వు, నిశ్చింతగా ఉంది. నాటకాల మేడమ్ పక్కనుంచి చేతులు ఊపుతోంది... అది కాదు, అది కాదు, అన్నట్టు.

పిల్లి చూడలేదు. ఇంకా గట్టిగా అరిచింది.

“ఆపు.”

మెత్తని గొంతు. మూడో వరస.

నాన్న లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకుని, దారిలో ఉన్నవాళ్ళకు దణ్ణం పెడుతూ, మెట్లెక్కాడు. మొదట్లో మేడమ్ జనానికి చెప్పిన పద్ధతి ప్రకారం మైకు తప్పుకుంది. పెళ్ళాం నిలబడ్డ చోట ఆయన నిలబడ్డాడు.

కూతురి ఎదురుగా నాన్న. ఆమె మొగుడు, ఆయన పెళ్ళాం.

ఆయన గడ్డం ఆమెకు అందేంత దగ్గర్లో ఉంది. నున్నగా గీసిన గడ్డం. ఆమె చెయ్యి దానంతటదే లేచింది. వేలు చాచబోయింది. హాలు అవతల అమ్మ తలెత్తింది, అంత దూరం నుంచీ తల అడ్డంగా ఊపింది. చిన్నగా, ఒక్కసారి.

పిల్లి వేలు ముడిచింది. పిడికిలి పట్టి, గాల్లోకి ఎత్తి, ఏమే అని గొంతు బొంగురుపోయేలా అరిచింది.

నాన్న ఆ పిడికిలిని మృదువుగా పట్టుకున్నాడు. జనంకేసి తిరిగాడు.

“ఆడదాని మీద చెయ్యెత్తేవాడు మనిషే కాదు,” అన్నాడు. “మా ఇంట్లో గొంతు పెంచడం కూడా ఎరగమండీ.”

చప్పట్లు. ఒక ముసలమ్మ జోడు తీసి కళ్ళు ఒత్తుకుంది. నాన్న జేబురుమాలు తీసి, అందరి ముందూ, కూతురి మీసం తుడిచాడు. పిల్లి రాయిలా నిలబడింది. అయిపోయింది, అనుకుంది. అమ్మ బతికిపోయింది, అనుకుంది.

అందరూ వెళ్ళేటప్పుడు నాటకాల మేడమ్ గబగబా వచ్చింది. పిల్ల బాగా చేయలేదని తండ్రి అనుకుంటాడేమోనని ఆమె బెంగ.

“మీ అమ్మాయి ఇవాళెందుకో కంగారుపడిందండీ. రిహార్సల్లో అయితే ఒళ్ళు జలదరించేది. అరుపుల్లేవు, ఏం లేవు. మెల్లగా వచ్చి, ఇలా గడ్డం కింద వేలు పెట్టి, ‘ఇది నిజమా, ఇందాకటిది నిజమా’ అని అడిగేది! ఏదో టీవీలో చూసిందట. మీరు అది చూడాల్సిందండీ.”

అమ్మ కొంగు మెడ చుట్టూ లాక్కుంది.

“అలాగా అండీ?” అన్నాడు నాన్న. నవ్వాడు. “తప్పకుండా చూడాల్సిందే.”

*

దారిలో ఆయన బండి ఆపి ఐస్‌క్రీం కొనిచ్చాడు. కరిగిపోతోంది తిను, అన్నాడు. ఎదురైన ఒకాయన జోడు వంకర పోయిందంటే, బండి మీద కూర్చునే సరిచేసి ఇచ్చాడు. ఇంటి దాకా మెల్లగా నడిపాడు. పిల్లికి అమ్మను పట్టుకుని క్షమించమని ఏడవాలని ఉంది. మధ్యలో కూర్చుంది కాబట్టి వెనక్కి తిరగలేకపోయింది. అమ్మ గుండె మాత్రం ఆమె వీపుకు కొట్టుకుంటూ వచ్చింది.

ఇల్లు. తాళం. తలుపు.

కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఆయనకు మూయాల్సిన పని ఎప్పుడూ రాలేదు. వీధిలో ఎవరింట్లోనో రేడియో మోగుతోంది. ఆకు కదలడం లేదు.

నాన్న చేతులు కడుక్కున్నాడు. జోడు తుడుచుకున్నాడు. కుర్చీ లాగి, తాను కూర్చోలేదు. పిల్లికేసి జరిపాడు.

“ఆ మేడమ్ అంతగా మెచ్చుకుంది కదరా. ఏదీ, అసలుది ఒకసారి చేసి చూపించు.”

“నాకు గుర్తులేదు నాన్నా.”

“గుర్తొస్తుందిలే. తొందరేం లేదు.” గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. “కూర్చో.”

కూర్చుంది.

చెప్పకుండానే అమ్మ వచ్చింది. పొయ్యి మీద పెట్టబోయిన గిన్నె కింద పెట్టి, తడి చేతులు తుడుచుకుని, పెళ్ళాం నిలబడాల్సిన చోట నిలబడింది. ఎక్కడ నిలబడాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. కూతురికి అందేలా కాస్త వంగింది. మెడ మీది కొంగు తీసేసింది.

“కానివ్వమ్మా,” అంది అమ్మ.

గడ్డం పైకెత్తింది.