మెడ వెనక అద్దం

లేదు అని రాసి ఉంటే హాయిగా ఉండేది, ఉంది అని రాసినా ఏడ్చేవాణ్ణి, ఏడ్చి ఊరుకునేవాణ్ణి, ఈ అటూ ఇటూ కాని రిపోర్టులేమిటి, ఒక రక్తపరీక్ష ఏమీ లేదంటుంది, ఇంకోటి గీత మీద నిలబడి ఊగుతుంది, ఎక్స్‌రేలో ఎముకలు శుభ్రంగా ఉన్నాయట, కీళ్లవాతమే అయితే తొందరగా పట్టుకోవాలి, వేళ్లు వంకర తిరిగాక చేసేదేమీ ఉండదు అంటాడు డాక్టరు, ఆ నోటితోనే ఇప్పుడే ఏదీ తేల్చలేను, ఆ మందులు ఊరికే మొదలుపెట్టేవి కావు, కొన్ని నెలలాగి చూద్దాం అంటాడు, ఇదేం తిరకాసయ్యా, దొంగ పారిపోతున్నాడు, నిదానంగా పట్టుకుందాం అన్నట్టు, తల కాస్త వంచండి మాస్టారూ, ఆఁ, చాలు.

కత్తెర బొటనవేలి దగ్గర పట్టేస్తోంది, తప్పు కత్తెరది కాదు, నిన్ననే సాన పట్టించాను, జుట్టు తెగే చప్పుడు వింటే చాలు కోత సరిగ్గా పడిందో లేదో చెప్పేస్తాను, ఇప్పుడా చప్పుడు తేడాగా ఉంది, పక్క కుర్చీ దగ్గర మా బావమరిది మెషిను ఆపి ఇటు చూశాడు, వాడివి పాము చెవులు, బావా, నువ్వెళ్లి టీ తాగిరా, ఇది నేను చూస్తాలే అన్నాడు, నీ పని నువ్వు చూసుకోరా అన్నాను, అదికాదు బావా, రిపోర్టులో ఏమీ లేదన్నారుగా, మరి ఆ మొహమేంటి అన్నాడు, దువ్వెన అందుకుని మళ్లీ మాస్టారి తల మీదికి వంగాను, మొన్న గడ్డం గీస్తుంటే కత్తి పట్టు జారి ఒక పెద్దాయన గొంతు మీద సన్నటి ఎర్రగీత పడింది, ఆయన కళ్లు మూసుకుని నిద్రపోతున్నాడు, అంత నమ్మకం నా మీద, అప్పటినుంచి గడ్డాలన్నీ వాడికే వదిలేశాను, నాకు తలలే మిగిలాయి, రేపు తలలూ పోతే ఏం చెయ్యాలి, వాడు కత్తిరిస్తే నేను ఊడవాలా, చీపురు పట్టుకోవడానికి మాత్రం వేళ్లు ముడుచుకోవద్దూ.

పొద్దున్నే చొక్కా గుండీలు మా ఆవిడే పెడుతుంది, ఒక్కోసారి నవ్వుతుంది, ఒక్కోసారి నవ్వడానికి చూసి మానేస్తుంది, నీకు గుండీలు నేను పెడుతున్నానని డాక్టరుకి చెప్పావా అంది, చెప్పానే తల్లీ అన్నాను, అలాంటివి ఎవరైనా చెప్పుకుంటారా, అసలు నేను ఆయన దగ్గర ఎంత పద్ధతిగా ఉన్నాను, ఉతికిన చొక్కా వేసుకుని, బాధపడుతూ వెళ్తే బాగుండదని ముందే ఒక నొప్పిమాత్ర మింగి వెళ్లాను, ఆయన నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి ఇక్కడ నొప్పా అన్నాడు, కొంచెం అండీ అన్నాను, ఇక్కడా, కొంచెం అండీ, పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుపోతాయి, కాసేపండీ, పిడికిలి బిగించమంటే పళ్లు బిగపట్టి మరీ బిగించాను, భేష్ అన్నాడు, అడిగినవన్నీ చెప్పాను, చెప్పినవన్నీ చేశాను, అయినా ఏమీ దొరకలేదట, అంత చదువూ ఎందుకు మరి.

సరే, అయిపోయింది, గుడ్డ తీసి, మెడ మీది వెంట్రుకలు దులిపి, చేతి అద్దం మాస్టారి తల వెనక పట్టుకున్నాను, దాన్ని పట్టుకోవడానికే మణికట్టు వణుకుతోంది, ఎలా ఉంది మాస్టారూ అన్నాను, కుడిచెవి వెనక జుట్టు ఎగుడుదిగుడై మెట్టు పడింది, ఛీ, ఇంత మెట్టు, నేర్చుకునే రోజుల్లో కూడా పడలేదు, ఆయన చూపు సరిగ్గా అక్కడే ఆగింది, తర్వాత అద్దంలో నా మొహం చూశారు, బాగుందయ్యా అన్నారు.

బాగుంది, ఇన్నేళ్లలో ఈ కుర్చీలో కూర్చుని బాగాలేదన్నవాడు ఒక్కడూ లేడు, ఇంటికెళ్లి తిట్టుకుంటారు, వారం రోజులు టోపీ పెట్టుకుని తిరుగుతారు, ఇక్కడ మాత్రం బాగుంది, ఎదుటివాడి చేతికి తల అప్పగించాక మనిషికి ఎక్కడలేని మర్యాద పుట్టుకొస్తుంది, ఓరి నాయనో, నేనూ అంతే కదా, అక్కడ డాక్టరు దగ్గర ఆ ఎత్తు బల్ల మీద కూర్చుని కొంచెం అండీ, కాసేపండీ, మధ్యాహ్నం దాకా కొయ్యబారిపోయే చేతులకి కాసేపా, రక్తం చెప్పకపోతే పోనీ, ఎముక చెప్పకపోతే పోనీ, నోరున్నవాణ్ణి నేనేం చెప్పి చచ్చాను, మాస్టారు లేవబోతున్నారు, కూర్చోండి మాస్టారూ అన్నాను, మెట్టు పడింది, మావాడు సరిచేస్తాడు, నా చెయ్యి ఆడడం లేదు, నొప్పి, చాలా నొప్పిగా ఉంది, పక్క కుర్చీలో మెషిను ఆగిపోయింది, ఆ మాట బయటికి వచ్చాక తేలికపడతాననుకున్నాను, లేదు, మర్యాదని దానికి పేరు పెట్టుకున్నాను గానీ అది భయం, డాక్టరు ఉంది అంటాడేమోనని భయం, ఆ ఒక్క మాట వినకూడదనే ఆయన ఎక్కడ వెతికితే అక్కడ నేనే చెయ్యి అడ్డం పెట్టాను.