పసుపు పెట్టిన సీటు

జంట ముడి దగ్గర కూర్మయ్య పురికొసను చూపుడువేలికి చుట్టి ఆపాడు. అక్కడ సీటు మూల తిరుగుతుంది. ఒంటి ముడి అయితే కుట్టు, జంట ముడి అయితే మూల. టేపు మీది అంకెలు అతనికి రావు. ముప్పయ్యేళ్లుగా సాలూరులో లారీల మీద కప్పే పరదాలు కుడుతున్నాడు. ఏ లారీ కొలత ఆ లారీకి ఒక పురికొస. షెడ్డు గోడకు కొట్టిన మేకులకు అవి వరసగా వేలాడుతుంటాయి. ఏది ఎవరి బండిదో కళ్లు మూసుకుని తడిమి చెప్పగలడు.

కారు కొలత మాత్రం అతని జన్మలో ఇదే మొదటిది.

మూడు లారీల ఆసామి నరసింగరావు విశాఖపట్నంలో పాత అంబాసిడర్ ఒకటి కొన్నాడు. ఇంజను బాగానే ఉంది గాని సీట్ల మీది రెక్సిను చీలి లోపలి కొబ్బరిపీచు బయటికి వచ్చేసింది. కొత్త కవర్లకు పట్నంలో చెప్పిన ధర విని అతను నేరుగా కూర్మయ్య షెడ్డుకు వచ్చాడు. "పరదాలు కుట్టినోడివి, సీటుకి గుడ్డ కుట్టలేవేటి?" అన్నాడు.

కుట్టగలడు. బజారులో నీలం చారల పరుపుగుడ్డ కొనిపించాడు. కుట్టాక బిగుసుకుపోకుండా ముందే తొట్టిలో నానబెట్టి ఆరేశాడు. గుడ్డ అడుగున వేయడానికి విప్పిన గోనెసంచులు. సీటు గుంటలు పడిన చోట దూర్చడానికి, నెల్లిమర్ల జనపనార మిల్లు లారీల్లోంచి ఊడ్చి దాచిన తుక్కు. కింద కట్టే నాడాలు పాత పరదాల అంచుల నుంచి కోసినవి. పరుపుగుడ్డ తప్ప కొన్నది ఏదీ లేదు. ముందు సీటు నిన్ననే అయిపోయింది. వెనక సీటు ఈ మధ్యాహ్నానికి కావాలి. ఆ తొందర నరసింగరావు కన్నా కూర్మయ్యకే ఎక్కువ.

ఆ తొందర షెడ్డు లోపల గోనెల దొంతర మీద పడుకుని ఉంది.

జగ్గమ్మ అతనికి అక్క కూతురు, భార్య. పరదా అంచులకు ఇత్తడి రింగులు కొట్టడం ఆమె పని. పుట్టిన ఇద్దరు పిల్లలూ పాలు తాగే వయసులోనే పోయారు. ఆ తర్వాత ఈ ఇద్దరూ, ఒక మిషను, ఒక సుత్తి. దసరా దాటాక ఆమె కడుపు ఉబ్బడం మొదలైంది. చేతులు పుల్లలై కడుపు ఒక్కటే పెరిగింది. ఆసుపత్రి డాక్టరు చెయ్యి పెట్టి చూసి, ఇది ఇక్కడ అయ్యేది కాదు, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కోసి తీయాలి అన్నాడు. బస్సులోనో లారీలోనో కుదిపితే ప్రాణానికి ముప్పు, కారులో పడుకోబెట్టి తీసుకెళ్లమన్నాడు. అద్దె కారు తన వల్ల కాదని కూర్మయ్యకు అడక్కుండానే తెలుసు.

అందుకే సీట్లకు కూలి వద్దన్నాడు. "గురువారం తవురు పట్నం ఎల్తన్నారు గదా బాబూ, ఎనక సీటులో మా ఆడదాన్ని ఏసుకెల్లండి" అన్నాడు.

"అంతేనేటి? అలగే. సీట్లు కానీ ముందు" అన్నాడు నరసింగరావు.

ఇవాళ గురువారం.

కూర్మయ్య మిషను ముందు కూర్చున్నాడు. పరదాల బరువును ఒకే వైపు లాగి లాగి అతని కుడి భుజం కిందికి జారి ఉంటుంది. బొటనవేలి గోరు సూది దిగి రెండుగా చీలి, అలాగే పెరిగింది. చెవి వెనక గుర్తులు గీసుకునే బొగ్గు ముక్క. పరుపుగుడ్డ పరదా అంత మొండిది కాదు. సూది కింద మెత్తగా పోతోంది. ఇంత సులువుగా పోయే గుడ్డను అతని చేతులు నమ్మడం లేదు. ప్రతి కుట్టునూ ఆపి వెనక్కి లాగి చూస్తున్నాడు.

"మావా, నాను కిటికీ కాడ కూకుంటాను" అంది జగ్గమ్మ కళ్లు తెరవకుండా.

"కూకోడమేటే? పడుకోమన్నాడు డాక్టరుబాబు."

"పడుకుంటే ఊళ్లేటి కనపడతాయి? టిక్కెట్టు కొనుక్కుని సినిమాలో నిద్రోయినట్టు."

"తిరిగొచ్చినపుడు కూకుందువులే."

ఆమె కళ్లు తెరిచి మిషను కింద సాగుతున్న నీలం చారలను చూసింది. తర్వాత, "నాకు డోకొస్తే? కొత్త సీటు గదా" అంది.

ఆ సంగతి అతను నిన్ననే ఆలోచించాడు. వెనక సీటుకు కోయగా మిగిలిన చారల ముక్కలు నాలుగు అతికి, మధ్యలో మైనపు పరదా ముక్క పెట్టి, అడుగున గోనె వేసి చాప అంత కుట్టాడు. ఏది కారినా కిందికి దిగదు. జారకుండా సీటుకు కట్టడానికి నాలుగు మూలలా నాడాలు పెట్టాడు. దాన్ని తీసి ఆమె ముందు పరిచాడు. జగ్గమ్మ వేలితో అంచు తడిమింది. చారలు ఎక్కడా తప్పకుండా ఒకదానికొకటి కలిశాయి.

"రోగానికి కూడా ఇంత సోకేటి మావా" అంది. నవ్వబోతే నొప్పి వచ్చి మూతి బిగించుకుంది.

పది గంటలప్పుడు డ్రైవరు పోతురాజు వచ్చి గుమ్మంలో నిలబడి బీడీ ముట్టించాడు. కొండల్లో గొడవలని ఆ ఏడు రోడ్డు పొడవునా పోలీసు తనిఖీలే, బండి దిగితే గాని ఊపిరాడటం లేదన్నాడు. "ఏటి మావా, కార్లకి పరుపులు కుడతన్నావు. మా లారీకి పట్టెమంచం ఎప్పుడు కుడతావు?"

"నీకు మంచమెందుకురా, స్టీరింగు మీదే నిద్రోతావు గదా."

పోతురాజు నవ్వాడు. అతను వచ్చినప్పుడల్లా కూర్మయ్య ఏదో ఒక వంకతో తల వంచుకుంటాడు. రెండేళ్ల కిందట ఘాటీ రోడ్డులో లారీ చక్రం కింద క్లీనరు గంగులు కాలు నలిగిపోయింది. పోతురాజు అతన్ని ఈ గుమ్మంలోకే మోసుకొచ్చి, గోడ వారనున్న కొత్త పరదా ఇవ్వు మావా, చుట్టి తీసుకెళ్తాను అన్నాడు. పరదా కుట్టడం అవగానే నాలుగు మూలలా పసుపు పెట్టడం కూర్మయ్యకు తండ్రి నేర్పిన పద్ధతి. పసుపు పెట్టాక అది బండెక్కి తీరాలి. అంతవరకు రోగం గాని నెత్తురు గాని తగలకూడదు. తగిలితే ఆ బండికి కీడు. "పసుపెట్టిన పరదారా. నాను ఇయ్యలేను" అన్నాడు. నాలుగు గోనెసంచులు ఇచ్చాడు. గంగులు కాలు పోయింది. పోతురాజు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండునని కూర్మయ్య చాలాసార్లు అనుకున్నాడు.

పన్నెండున్నరకు చివరి నాడా కుట్టి, కవరును మడిచి భుజాన వేసుకుని నరసింగరావు ఇంటికి వెళ్లాడు. వంద అడుగుల దూరం. వాకిట్లో కారు ఎండకు కాగుతోంది. వెనక సీటును పైకెత్తి కవరు తొడిగాడు. అడుగున స్ప్రింగులకు నాడాలు ఒక్కొక్కటే లాగి కట్టాడు. గుంటల్లో జనపనార కూరి అరచేత్తో అదిమాడు. ముడత కనిపించిన చోట గొడుగు ఊసను వంచి చేసుకున్న సూదితో లోపలినుంచి రెండు పోట్లు వేశాడు. అంతా అయ్యాక దిగి దూరంగా నిలబడి చూశాడు. నీలం చారలు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా కాలవల్లా తిన్నగా పోయాయి. ముప్పయ్యేళ్లలో అతను కుట్టినదంతా వానకు తడవడానికి, దుమ్ము కొట్టుకోవడానికి. మనిషి కూర్చోడానికి కుట్టింది ఇదొక్కటే.

చెయ్యి తనంతట తాను బొడ్డు దగ్గరికి పోయి పసుపు పొట్లం తీసింది. వేలు తడిపి నాలుగు మూలలా పెట్టాడు.

తర్వాత జగ్గమ్మను తీసుకురావడానికి వెళ్లాడు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉంది. ఒక చెయ్యి అతని మెడ మీద వేసి, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టుకుని ఆ వంద అడుగులూ నడిచింది. మూడుసార్లు ఆగింది. అతని చంకలో చారల ముక్క చుట్టి ఉంది.

కారు దగ్గర నరసింగరావు భార్య తాయారు కొబ్బరికాయల బుట్టతో నిలబడి ఉంది. జగ్గమ్మను చూసింది. సీటును చూసింది. వంగి మూల దగ్గర వేలు పెట్టి చూసింది.

"పసుపెట్టీసినావేటి కూర్మయ్యా?"

"పెట్టినానమ్మా."

"మరి దీన్నెలగ కూకోబెడతావు? దారిలో ఇజీనారంలో అమ్మోరి కాడ కాయ కొట్టందే మేమే కూకోకూడదు ఎనకాల. రోగిష్టి మనిషిని మొదట పడుకోబెడతారేటి?"

కూర్మయ్య చంకలోది విప్పి చూపించాడు. "వేరేగా కుట్టినానమ్మా. అడుగున మైనపు గుడ్డ ఉన్నాది. మీ సీటుకి మరక తగల్దు."

"మరక గురించి కాదయ్యా నాను సెప్తన్నది."

నరసింగరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. సంగతి విని భార్య వైపు చూశాడు. కారు వైపు చూశాడు. జగ్గమ్మ వైపు చూడలేదు. "మాటిచ్చిన మాట నిజమే..." అని ఆగిపోయాడు.

"ఇప్పేస్తాను బాబూ" అన్నాడు కూర్మయ్య. "ఎనక సీటుది ఇప్పేస్తాను. పాత రెక్సిను మీదే పడుకుంటాది. ఎంతసేపు, ఆరు ముళ్లు."

తాయారు అతన్ని వింతగా చూసింది. కోపంగా కాదు. "నువ్వే సెప్పు. పసుపెట్టినాక పరదా ఇప్పుతావేటి నువ్వు?"

కూర్మయ్య ముడి విప్పడానికి చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈ ఊళ్లో అతనికన్నా బాగా ఎవరికీ తెలియదు. ఈ పనిని రేపటికి వాయిదా వేసి ఉంటే, చెయ్యి బాగులేదని అబద్ధం చెప్పి ఉంటే, పోనీ ఆ పొట్లం షెడ్డులో మరిచిపోయి ఉంటే, కొబ్బరిపీచు బయటపడిన ఆ చిరుగుల సీటు మీద జగ్గమ్మ ఈపాటికి పడుకుని ఉండేది.

"శనివారం మళ్లీ ఎల్తాను. అప్పుడు తప్పకుండా" అన్నాడు నరసింగరావు. భార్యాభర్తలు ముందు సీట్లో కారు డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చున్నారు. వెనక సీటు మీద కొబ్బరికాయల బుట్ట, అరటి గెల పెట్టారు. కారు కదిలింది.

జగ్గమ్మ అది మలుపు తిరిగేదాకా చూసింది. "పోన్లే మావా. ముడత ఒక్కటి నేదు సీటు మీద" అంది.

వెనక్కి వచ్చేటప్పుడు నడవలేకపోయింది. అతను ఎత్తుకున్నాడు. పొట్ట తప్ప బరువు లేదు. చారల ముక్కను మేకుకు తగిలించి ఆమెను గోనెల మీద పడుకోబెట్టాడు.

గుమ్మంలోనే ఉన్న పోతురాజు విని బీడీ పారేశాడు. "నాలుగ్గంటలకి ఖాళీ బండి ఘాటీ దిగుతాది మావా. గడ్డి ఏసి పడుకోబెడదాం. నడిసినట్టే తోల్తాను."

కుదిపితే ముప్పు అన్న డాక్టరు మాట కూర్మయ్యకు గుర్తుంది. శనివారం దాకా ఆగితే ఏమవుతుందో ఆమె ముఖంలో కనపడుతోంది. తల ఊపి గడ్డి కోసం వెళ్లాడు. రెండు మోపులు నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి జగ్గమ్మ రోడ్డు వైపు తిరిగి పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఈగ వాలినా రెప్ప కదల్లేదు. అతను మోపులు దించకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. పోతురాజు వచ్చి వాటిని దించాడు.

శ్మశానానికి తీసుకెళ్లడానికి ఏదైనా కప్పాలి. గోడ వారన, నిన్న పసుపు పెట్టిన కొత్త పరదా ఒకటి ఉంది. పోతురాజు దాని వైపు చూసి, మళ్లీ కూర్మయ్య వైపు చూశాడు. కూర్మయ్య వంగి, దొంతరలోంచి గోనెసంచులు నాలుగు తీసి దులిపాడు.

అందరూ వెళ్లాక షెడ్డు ఖాళీగా ఉంది. పురికొసల వరసలో చివరి మేకుకు చారల ముక్క వేలాడుతోంది. నాలుగు నాడాలూ ముడిపడకుండా గాలికి ఊగుతున్నాయి. దాని మూలల్లో ఎక్కడా పసుపు లేదు.