బిల్లులో లేని ముక్క

"అమ్మకు పన్నట! ఇదెక్కడి విడ్డూరమే? అమ్మల్ని కూడా వదలరా?" అంటూ ఆమె నోటీసును కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

ఆడపడుచు పడీపడీ నవ్వింది. "అమ్మకు కాదు వదినా, అమ్మకం. సున్నాని కొమ్ము చేసేశావు. సొంతిల్లు ఉన్నవాళ్లకు కరెంటుకీ నీళ్లకీ కలిపి వచ్చే బిల్లు మీద అమ్మకం పన్ను వేస్తారట."

"సొంతిల్లుంటే? గోడలు కొరుక్కు తింటామా?"

ఆడపడుచు బళ్లో పంతులమ్మగా చేసి రిటైరైంది. అన్న పోయాక వదిన దిగులు చూడలేక, అరవై దాటిన ఆమె చేత అక్షరాలు దిద్దించింది. పలకా బలపం ఏమీ లేవు. ఇంట్లో కట్టలుగా ఉన్న పాత బిల్లులే వాచకాలు.

వాటిని దాచింది ఆయన. ఆయన వడ్రంగి. నెలనెలా బిల్లు రాగానే చేతుల మీది రంపపు పొట్టు దులుపుకుని, గుమ్మంలో నిలబడి, చుట్టాల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినట్టు పైకి చదివేవాడు. ముందు తన పేరు, తర్వాత ఇంటి నంబరు, ఆ తర్వాత లెక్క. చివర్లో గొంతు సవరించుకునేవాడు.

"ఇంకో ముక్క కూడా రాశారోయ్. మీ ఇంటావిడ బహు మంచిది, జాగ్రత్తగా చూసుకోగలరు అని."

"చాల్లెండి సంబడం," అనేది ఆమె. అనేదే గానీ సగం నమ్మేది. చదవడం వచ్చాక మొట్టమొదట ఆ ముక్క కోసమే వెతికింది. ఒక్క బిల్లులోనూ లేదు. ఆ మధ్యాహ్నమంతా కట్టలు ఒళ్లో పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది.

పన్ను వద్దనేవాళ్లు రాసివ్వాలని నోటీసులో ఉంది. ఆమె రెండు రోజులు కూర్చుని తన చేత్తోనే రాసింది. "చీర కొనకుండా ఏడాది గడుపుతాం. నీళ్లు లేకుండా పూట గడవదు. కొనక తప్పని దాని మీద పన్ను వేయడం న్యాయం కాదు." అక్షరాలు వంకరటింకరగా వచ్చినా ఆడపడుచు ఒక్కటీ దిద్దలేదు.

ఆఫీసు కిటికీలో గుమాస్తా ఆ కాగితాన్నీ, దానికి జతచేసిన బిల్లునూ అటూ ఇటూ తిప్పాడు. "బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్లే ఇవ్వాలమ్మా. ఈయన్ని పంపండి."

"ఆయన రాలేని చోటికి వెళ్లాడు బాబూ."

గుమాస్తా తల దించుకున్నాడు. "అయితే పేరు మార్పించుకోండి. ఇదిగో ఫారం. అర్జీకి ఇవాళే ఆఖరు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆయన పేరుతో ఇంటికి వచ్చే కాగితం లోకంలో అదొక్కటే. నెలకోసారి ఆ పేరు మీద వేలు పెట్టి చదువుకోవడానికే కదా ఇన్నాళ్లూ మార్పించనిది!

"వద్దులే వదినా," అంది ఆడపడుచు, గొంతు తగ్గించి. "వేరేవాళ్లు ఇస్తార్లే. ఇంటికి పోదాం పద."

ఆమె కదల్లేదు. పేరు పోతే ఏం పోతుంది? గుమ్మం పోదు. రంపపు పొట్టు వాసన పోదు. ఆ ముక్క సంగతా, అది బిల్లులో ఏనాడూ లేదు. లేనిదాన్ని ఎవరు కొట్టేస్తారు?

"కలం ఇలా ఇవ్వు," అంది.

మూడో నెలలో, ఇళ్ల బిల్లుల మీద ఆ పన్ను వేయడం లేదని తేలింది. చాలామందే రాసిచ్చారట. ఆ వారమే బిల్లు వచ్చింది. ఇంటి పేరు ఎక్కడిదక్కడే ఉంది, దాని పక్కన మాత్రం ఆమె పేరు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని గుమ్మంలో నిలబడింది. పేరు, ఇంటి నంబరు, లెక్క, అన్నీ పైకి చదివింది. పన్ను అన్న మాట ఎక్కడా లేదు. అప్పుడు గొంతు సవరించుకుంది.

"ఇంకో ముక్క కూడా రాశారు. మీ ఇంటాయన ఉత్త అబద్ధాలకోరు, అయినా బహు మంచివాడు అని."

ఆడపడుచు కళ్లజోడు సర్దుకుని తొంగిచూసింది. "ఏదీ? ఎక్కడుంది?"

"నీకు చదవడం రాదులే," అంది ఆమె, బిల్లు మడిచి కట్టలో పెడుతూ.