ఎదగని కొలత

బట్టల ఫ్యాక్టరీలో జిప్పులు కుట్టే వరుసలో పొద్దుటి నుంచి తల ఎత్తలేదామె. నాలుగింటికి సూపర్‌వైజర్ వచ్చి, "మీ పిల్ల పడిందట. జిమ్నాస్టిక్స్ సారు ఫోన్ చేశాడు. ఇప్పుడు వెళ్తే మాత్రం పూట జీతం పోతుంది" అన్నాడు. ఆమె మిషను ఆపేసి లేచింది.

పదకొండేళ్ల కూతురు జిమ్నాస్టిక్స్ హాల్లో గోడకి ఆనుకుని కూర్చునుంది. "ఏం కాలేదమ్మా. కళ్లు తిరిగాయంతే" అంది, సారు వైపు చూస్తూ.

ఆమెకి అనుమానం ఇవాళ పుట్టింది కాదు. ఆర్నెల్లకోసారి కూతురి గౌను అంచు విప్పి పొడుగు చేసే చెయ్యి ఆమెది. ఏడాదిన్నరగా ఆ పని పడలేదు. అడిగితే, "తేలికైన ఒళ్లమ్మా, అదృష్టం" అన్నాడు సారు. ఉచితంగా నేర్పుతున్న మనిషాయె, మళ్లీ అడగడానికి నోరు రాలేదు.

"పొద్దున ఏం తిన్నావే?"

"తిన్నా."

"ఏం తిన్నావూ అంటుంటే!"

పిల్ల నేల చూపులు చూసింది. పక్కనున్న రెండు జడల పిల్ల, "ఇవాళ బరువు చూస్తారాంటీ. అయ్యేదాకా మేమెవ్వరం తినం" అనేసి నాలిక కరుచుకుంది.

సారు తేలిగ్గా నవ్వాడు. "పోటీలు నెల్లాళ్లలో ఉన్నాయమ్మా. ఇప్పుడు ఒళ్లొస్తే ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసినట్టే."

"ఎదగడం తప్పా సార్?"

"తప్పని కాదు. రెండేళ్లు ఆగితే మంచిది."

"ఆగమంటే ఆగడానికి అదేమన్నా మిషనా సార్?"

ఆయన నవ్వు ఆగింది. "మీకు తెలీని విషయాలివి. ముందు బరువు చూడనివ్వండి. లేమ్మా, ఎక్కు."

పిల్ల అలవాటుగా లేచి సాక్సు విప్పబోయింది. తల్లి ఆ మణికట్టు పట్టుకుంది. రెండు వేళ్లతో చుట్టినా ఇంకా చోటు మిగిలింది.

"ఎక్కదు సార్."

"జట్టులోంచి పేరు కొట్టేస్తాను మరి."

"అమ్మా!" పిల్ల చెయ్యి లాక్కుంది. "నాకు ఆడాలనుందే!"

"ఆడుదువుగాని. అన్నం తిని ఆడుదువుగాని."

ఏడుస్తున్న కూతురితో ఆమె గుమ్మం దాటుతుంటే, వెనక సారు తర్వాతి పిల్లని కేకేశాడు. ఆమె తిరిగి చూసింది. రెండు జడల పిల్ల బరువు మిషను ముందు నిలబడి ఉంది. ఎక్కడం లేదు. పక్కకి తప్పుకోవడమూ లేదు.